మిషన్ మెట్ట మీది పచ్చ కారు

కోనాడ రేవులో గంగులు గురించి చెప్పుకునే మాటల్లో సగం అబద్ధాలు. మిగతా సగం అంతకన్నా పెద్ద అబద్ధాలు. నడి సముద్రంలో ఇంజిన్ బెల్టు తెగిపోతే మొలతాడు విప్పి కట్టి బోటును ఒడ్డుకు తెచ్చాడంటారు. చాపలా పరుచుకునే ఓ పెద్ద టేకు చేప బోటు కిందికి దూరి వీపు మీద మోసుకుపోతుంటే, పెట్రోలు కలిసొచ్చిందిలే అని ఇంజిన్ ఆపేసి బీడీ ముట్టించాడంటారు. ఆ చేప భీమిలి దాకా దిగబెట్టి, మర్యాదగా తోక ఊపి వెళ్లిందని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. ఎంత నిజమో ఆ చేపనే అడగాలి. ఒక్కటి మాత్రం నిజం. బోటు ఇంజిన్ల మేస్త్రిగా పాతికేళ్లు ఉప్పునీళ్లలో నానిన ఆ మనిషి దేనికైనా భయపడగా చూసినవాడు ఊళ్లో లేడు.

అలాంటి గంగులుకు నలభై ఆరో ఏట భయం పట్టుకుంది. పట్టించింది ఓ కారు.

నెల్లిమర్ల పక్కన మిషన్ మెట్ట అని ఓ చిన్న కొండ ఉంది. మెట్ట మీద పాత చర్చి, దాని వెనక నాలుగు పెంకుటిళ్లు. చివరి ఇంట్లో దేవమణి టీచరమ్మ ఒక్కతే ఉంటుంది. ఎనభైకి రెండేళ్లు తక్కువ. మెట్ట కింద పుట్టినవాళ్లలో సగం మందికి ఆవిడే అక్షరాలు దిద్దించింది, మిగతా సగం మందికి చెవులు మెలిపెట్టింది. ఆవిడ బావి దగ్గరి నీళ్ల ఇంజిన్ చెడిపోతే, ఎవరో చెప్పగా గంగులు వెళ్లాడు. ఇంజిన్ విప్పి, చేతులు తుడుచుకోడానికి గుడ్డ కోసం పక్కనున్న పాకలోకి తొంగిచూశాడు. చినిగిన టార్పాలిన్ కింద నుంచి ఓ పచ్చటి మూతి, రెండు గుండ్రటి దీపాలు తననే చూస్తూ కనిపించాయి.

"అది మా ఆయన కారు నాయనా," అంది టీచరమ్మ వెనక నుంచి. "సరిగ్గా చూసుకో, దాస్తే ఏం లాభం," అని టార్పాలిన్ తొలగించింది.

రెండే సీట్లు. పైన కప్పు లేదు. ముందు భాగం ఎంత పొడుగంటే, మూతి ఇంటికి చేరిన కాసేపటికి గాని మనిషి చేరడు. వెనకాల ఓ చక్రం వీపుకు కట్టుకుని ఉంది. వెయ్యిన్ని తొమ్మిదివందల యాభైరెండులో ఇంగ్లండులో చేసిన ఎంజీ కారది. ఇక్కడి గోగునార మిల్లుకు వచ్చిన ఓ దొర ఓడలో తెప్పించుకున్నాడు. వెళ్లిపోతూ తన కింద పనిచేసిన ఫిట్టరు ఏసుదానానికి అమ్మేశాడు. ఏసుదానం నలభై ఏళ్లు భార్యను పక్కన కూర్చోబెట్టుకుని నెల్లిమర్ల వీధులన్నీ తిరిగాడు. ఆయన జ్వరంతో పోయి పదకొండేళ్లు. అప్పట్నుంచి కారు పాక దాటలేదు.

గంగులు నీళ్ల ఇంజిన్ బాగుచేసి కోనాడ వచ్చేశాడు గాని, ఆ రెండు దీపాలు వెంట వచ్చాయి. ఆ కారు తనది కావాలి. ఎందుకంటే చెప్పలేడు. వలలో పడ్డ చేప వల ఎందుకు నచ్చిందో చెబుతుందా.

అక్కడి నుంచి మొదలైంది వెతుకులాట. ఎనిమిది నెలలు ఫోను చేతిలోంచి దిగలేదు. ఆ కారు గురించి ఇంగ్లీషు ముసలాళ్లు పెట్టిన వీడియోలన్నీ చూశాడు. మాటలు తెలియవు, కాని ముఖాలు తెలుస్తాయి. ప్రతి ముసలాయనా కారు కింద దూరి, ఓ రేకును వేలితో పొడిచి, వేలు అవతలికి దిగిపోతే, ఇంట్లో ఎవరో పోయినట్టు ముఖం పెట్టి "రస్ట్" అంటాడు. గంగులుకు ఆ ముక్క ఒక్కటీ వచ్చేసింది. తుప్పు. ఉప్పుగాలిలో పుట్టి పెరిగినవాడికి తుప్పంటే ఏమిటో ఇంకొకరు చెప్పాలా. పైగా ఆ కారుకు మరో రోగం కూడా ఉందట. పై రేకుల లోపల అస్థిపంజరమంతా కర్రేనట. అంటే పైన ఎంత నిగనిగలాడినా లోపల పుచ్చిపోయి ఉండవచ్చు. ఇంగ్లీషు ముసలాళ్లు బ్రేకుల గురించి కూడా గంటలకొద్దీ చెప్పారు. అందులో గుండెలు పగిలే సంగతేమీ లేదనిపించి, ఆ భాగం వచ్చినప్పుడల్లా గంగులు వేలితో ముందుకు తోసేశాడు. బోటుకు బ్రేకులుండవు. పాతికేళ్లుగా ఆ మనిషి మనసులో బ్రేకులకంటూ ఓ గది లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే గంగులు గుర్తుంచుకోలేదు.

గంగులు బామ్మర్ది హరిబాబు ఎచ్చెర్ల యూనివర్సిటీలో ల్యాబు అటెండరు. అక్కడ ఎవరినో బతిమాలి ఆ కారు గురించి నలభై పేజీలు అచ్చు తీయించి తెచ్చాడు. పేజీలు ఇచ్చి ఊరుకుంటే హరిబాబు ఎందుకవుతాడు.

"బావా, నాను నెల్లిమర్లలో కనుక్కున్నాను. ఆ కారు మంచిది కాదట."

"ఏటైనాది?"

"ముసలాయన పోయిన కాడి నుంచి ఆదివారం చర్చి గంట కొట్టేసరికి పాకలో అదంతట అదే ముందుకి ఓ జానెడు జరుగుతాదట. పదకొండేళ్లకి ఎంత జరిగిందో నువ్వే లెక్కేసుకో."

గంగులు నిజంగానే లెక్కేసుకున్నాడు. "అలగైతే ఈపాటికి చర్చి దాటిపోవాలి కదరా."

"గంట కొట్టకపోతే మళ్లీ ఎనక్కి వస్తాదట."

"ఒగ్గెయ్, ఒగ్గెయ్. నీ నోటికి మూత లేదు," అన్నాడు గంగులు. అన్నాడే గాని ఆ సాయంత్రం అన్నం సహించలేదు. దయ్యానికి కాదు భయం. దయ్యాన్ని ఎలాగో ఇంజిన్ విప్పి చూస్తాడు. ఆ కర్ర పుచ్చిపోయి ఉంటే? కొన్న మర్నాడే నడి రోడ్డు మీద కారు రెండు ముక్కలై, ముందు ముక్క తనతోను వెనక ముక్క పెళ్లాంతోను వేరే వేరే ఊళ్లకు పోతే? అసలు ఆ పెళ్లాం ఎక్కుతుందా?

తులసి ఎండుచేపల వ్యాపారం చేస్తుంది. సంతలో ఆవిడ నోటికి దారోగాలే దారి ఇస్తారు. ఎనిమిది నెలలుగా మొగుడు ఫోనులో తెల్ల ముసలాళ్లను చూసి నిట్టూర్పులు విడుస్తుంటే ఊరుకుంది. పేజీల కట్ట ఇంట్లోకి వచ్చాక ఊరుకోలేదు.

"కొంటావేటి?"

"సూస్తన్నాను."

"బోటెక్కి పోతే సముద్రం తీసుకుపోయినాదని నలుగురికీ సెప్పుకుంటాను. ఈ బొమ్మకారెక్కి పోతే ఏటని సెప్పుకోవాలి నాను? నవ్వొస్తాది జనానికి. ఏడవనియ్యరు కూడా నన్ను."

"ముందు సూడనీయే. బాగుంటేనే కదా కొనడం."

"బాగులేదని నీ కళ్లకి కనబడితే కదా," అంది తులసి. ఆ మాట గంగులు గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఎందుకంటే అదే తన భయం. కొత్త పెళ్లికొడుకు పెళ్లికూతుర్ని చూసినట్టు తను ఆ కారును చూస్తున్నాడు. తప్పు ఎక్కడుందో తన కళ్లకు కనబడకపోతే ఎలాగ?

టీచరమ్మ షరతు పెట్టింది. "ముందు ఇంజిన్ మోగనియ్యి. మోగితే మాట్లాడుకుందాం. మోగకపోతే మీ ఊరు మీకు, మా పాక మాకు."

వరుసగా మూడు ఆదివారాలు గంగులు మెట్ట ఎక్కాడు. ముందు బోటు చూసినట్టే చూశాడు. స్క్రూడ్రైవరు పిడితో కర్రంతా తట్టుకుంటూ పోయాడు, చెవి ఆనించి విన్నాడు, ముక్కు ఆనించి వాసన చూశాడు. ఎడమ తలుపు కింద ఓ మూరెడు కర్ర బోలుగా పలికింది. అక్కడొక్కచోటే పుచ్చు. మిగతాదంతా గట్టిగానే పలికింది. ఛాసీ కింద దూరి తుప్పు గోకాడు. పైపైన ఉంది, లోపలికి దిగలేదు. మెట్ట మీద సముద్రపు గాలి తగలదు కదా. ఇంజిన్ బిగుసుకుపోయి ఉంది. ప్లగ్గులు తీసి, ఆ బొక్కల్లో నూనె పోసి, వారం నాననిచ్చి, మెల్లగా తిప్పాడు. కార్బొరేటర్లు రెండూ విప్పి తేనె పట్టినట్టున్న పాత పెట్రోలు గోకేశాడు. పెట్రోలు ట్యాంకుకు ముల్లు లేదని, పుల్ల ముంచి చూసుకోవాలని తెలిసినప్పుడు మాత్రం ఆ మనిషి ఇన్నాళ్లకు హాయిగా నవ్వాడు. బోటులో కూడా అంతే.

ఆఖర్న బ్రేకు పెడలు కాలితో నొక్కాడు. రాయిలా ఉంది. అంగుళం కూడా దిగలేదు.

ఇంజిన్ల మేస్త్రికి గట్టిదనమంటే గొప్ప ఇష్టం. తాడు లాగితే గట్టిగా వస్తే కంప్రెషన్ బాగున్నట్టు, మెత్తగా వస్తే ఇంజిన్ పోయినట్టు. ఆ లెక్కే ఇక్కడా వేసుకున్నాడు. "బ్రేకులు రాయిలా ఉన్నాయి టీచరమ్మా," అని చెప్పి పక్కకు తిరిగాడు.

మూడో ఆదివారం చర్చి ముగిసేవేళకు ఇంజిన్ మోగింది. ఒక్కసారి దగ్గింది, పొగ కక్కింది, తరవాత దాని గొంతు దానికి వచ్చేసింది. చర్చి మెట్ల మీద ఉన్నవాళ్లంతా తలలు తిప్పారు. టీచరమ్మ గుమ్మంలోంచి కదలలేదు. కళ్లజోడు తీసి పమిటతో తుడిచి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసి తుడిచింది. గంగులు కారును వాకిట్లో ముందుకు రెండు గజాలు, వెనక్కి రెండు గజాలు నడిపాడు. మెత్తటి ఇసకనేల కాబట్టి క్లచ్చు నొక్కగానే దానంతటదే ఆగింది. ఆగింది కదా అనుకున్నాడు.

ఆ రోజే టీచరమ్మ అసలు సంగతి చెప్పింది. విశాఖపట్నంలో ఫంక్షను హాలున్న గణపతిరావు అనే ఆయన కూడా కారు అడుగుతున్నాడు. గేటు దగ్గర పెట్టి, పూలు కట్టి, పెళ్లివాళ్లకు ఫొటోలు తీయిస్తాడట. వచ్చే ఆదివారం లారీ తెస్తానన్నాడు.

"నాకు అది నడవడం కావాలి," అంది టీచరమ్మ. "శనివారం రా. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెట్ట దింపి, మిల్లు గేటు దాకా తీసుకెళ్లి, మళ్లీ ఇంటికి తీసుకురా. తేగలిగితే కారు నీది. గణపతిరావుకి ఫోను చేసి లారీ వద్దని చెబుతాను."

గంగులు తలూపాడు.

ఇక్కడో మాట చెప్పాలి. గంగులుకు బండి తోలడం రాక కాదు. లైసెన్సుంది. ఐసు, చేపలు వేసుకెళ్లే వ్యాను ఏళ్ల తరబడి తోలాడు. కాని ఎక్కడ తోలాడు? కోనాడ చుట్టుపక్కల గేదె ఎక్కి చూసేంత మెరక లేదు. కొండ మీంచి బండి దించడమన్నది ఆ మనిషి జన్మలో జరగలేదు.

శనివారం మధ్యాహ్నం హరిబాబు కూడా వచ్చాడు, బండి మీద వెనకాల వస్తానని. "ఏటైనా అయితే తులసప్పకి కబురు బేగి అందాలి కదా బావా," అన్నాడు. టీచరమ్మ గంజి పెట్టిన తెల్ల చీర కట్టుకుని, తల మీద పమిట కప్పుకుని, కారు ఎడమ సీట్లో కూర్చుంది. ఒళ్లో చేతిసంచి. ఎటూ చూడకుండా తిన్నగా ముందుకే చూస్తోంది.

"పద నాయనా. రెండో షిఫ్టు సైరను కూయకముందే కిందికి చేరితే రోడ్డు ఖాళీగా ఉంటుంది."

మిషన్ మెట్ట దారి అరమైలు ఉంటుంది. పైన కొంచెం వాలు, చర్చి మలుపు దాటాక ఇంకొంచెం, ఆఖరి రెండువందల గజాలు ఇల్లెక్కే నిచ్చెనలా దిగి, మెయిన్ రోడ్డుకు తగులుతుంది. రోడ్డుకు అవతల మిల్లు గేటు.

చర్చి మలుపు దాకా కారు పెళ్లివారి బండిలా మెల్లగా నడిచింది. గాలి ముఖానికి తగులుతుంటే గంగులుకు ఎనిమిది నెలల తరవాత ఊపిరి ఆడింది. ఇది నాదే, అనుకున్నాడు. మలుపు తిరిగాక కారు కొంచెం తొందరపడింది. గంగులు బ్రేకు మీద కాలు వేశాడు. పెడలు రాయిలా ఉంది. కారు ఆగలేదు. ఇంకొంచెం గట్టిగా తొక్కాడు. రాయి రాయిలాగే ఉంది, కారు తొందర కారుకుంది.

పదకొండేళ్ల నిలవలో చక్రాల లోపలి బ్రేకు సిలిండర్లు, ముందువాటికి రెండేసి, వెనకవాటికి ఒక్కొక్కటి, ఆరుకు ఆరూ బిగుసుకుపోయాయి. పెడలు గట్టిగా ఉన్నది అందుకు. అవతల కదలడానికి ఏమీ లేదు గనక ఇవతల దిగడం లేదు. ఈ సంగతి గంగులుకు వారం తరవాత తెలిసింది. ఆ క్షణంలో తెలిసింది మాత్రం ఒక్కటే. కాలి కింద బండ ఉంది, ముందర కొండవాలు ఉంది, పక్కన ఎనభైకి దగ్గరపడ్డ ముసలమ్మ ఉంది.

పక్కనున్న హ్యాండ్‌బ్రేకు లాగాడు. తుప్పుపట్టిన తీగ 'టప్' మని తెగింది. పిడి చేతిలోకి ఊరికే లేచి వచ్చింది, పచ్చికలోంచి గడ్డిపరక వచ్చినట్టు.

అప్పుడు గంగులు చెయ్యి తనంతట తాను ఓ పని చేసింది. ఒడ్డుకు వస్తున్న బోటును నెమ్మదించాలంటే ఏం చేస్తారు? గేరు తీసి న్యూట్రల్లో పెడతారు. నీళ్లు బోటును పట్టుకుంటాయి, పదిబారలు పోయి ఆగుతుంది. పాతికేళ్లు, రోజుకు పదిసార్లు ఆ చెయ్యి ఆ పని చేసింది. ఇప్పుడూ అదే చేసింది. క్లచ్చు తొక్కి, గేరు తీసేసింది.

ఇంజిన్ పట్టు వదలగానే కారు తాడు తెంపుకున్న ఎద్దైపోయింది.

చర్చి గోడ జారిపోయింది. తాటిచెట్లు ఒకదాని వెనక ఒకటి ఈదుకుంటూ పోయాయి. కోడి ఒకటి రోడ్డు మధ్య లేచి, ఎగరడం తన వంశంలో లేదన్న సంగతి మరిచి, చెట్టెక్కింది. వెనకాల హరిబాబు "బావా, బావా" అని అరుస్తున్నాడు గాని, ఆ అరుపు కారును అందుకోలేకపోతోంది. సముద్రంలో ఎంత పెద్ద కెరటం వచ్చినా అడుగున నీళ్లుంటాయి. ఇక్కడ అడుగున రాళ్లున్నాయి. తనకేమైనా ఫర్వాలేదు. ఈవిడ. ఈవిడ చేతిసంచి రెండు చేతులతో పట్టుకుని అలాగే తిన్నగా చూస్తోంది.

కింద మిల్లు సైరను కూసింది.

గేటు తెరుచుకోవడం మెట్ట మీంచే కనబడింది. షిఫ్టు దిగిన జనం సైకిళ్లతో, కాలినడకన రోడ్డు నిండా పోసుకున్నారు. అందరూ గేటు దగ్గరే నిలబడి మాట్లాడుకుంటున్నారు. వాళ్ల మీదికే తిన్నగా పోతోంది కారు. గంగులుకు కళ్లు మూసుకోవాలనిపించింది.

"గేరు తీసేసేవేమిటి?" అంది టీచరమ్మ. తరగతిలో లెక్క తప్పు చేసిన పిల్లాణ్ని అడిగినట్టుంది ఆ గొంతు. "వెయ్యి. మూడోది వెయ్యి. తరవాత రెండు. మా ఆయన అలాగే దించేవాడు. వెయ్యి నాయనా."

గంగులు గేరు నెట్టాడు. లోపల పళ్లు కరకరలాడాయి, వెనక్కి తోసేశాయి. మళ్లీ నెట్టాడు. ఇంజిన్ కీచుమని అరిచి పట్టుకుంది. ఇద్దరూ ముందుకు తూలారు. కారు కొంచెం తగ్గింది. రెండో గేరుకు ఇంకొంచెం తగ్గింది. కాని ఆగదు. యాభై గజాలున్నాయి. ముందు వరసలో ఒకతను టిఫిను డబ్బా ఊపుకుంటూ, ఇటు వీపు తిప్పి నవ్వుతున్నాడు. ఆ వీపు మీద చొక్కా చిరుగు దాకా కనిపిస్తోంది.

గంగులు కళ్లు ఇసక కోసం వెతికాయి. బోటు అదుపు తప్పితే మెత్తటి ఒడ్డు చూసుకుని ఎక్కించేస్తారు. ఇసక ఎక్కడిది. గేటుకు ఎడమపక్కన, తూకానికి దింపిన గోగునార మోపులు రోడ్డు పక్కన మనిషెత్తున పోగై ఉన్నాయి.

చక్రం తిప్పాడు. కెరటానికి అడ్డంగా కాకుండా ఏటవాలుగా, కెరటంతోనే పోయినట్టు. "తల వంచండి" అన్నాడు. చప్పుడేమీ కాలేదు. పరుపులో మొహం పెట్టినట్టు, పొడుగాటి మూతి అంతా నారలోకి దిగబడింది. నాలుగు మోపులు మీద పడ్డాయి. ఇంజిన్ ఆగిపోయింది.

కాసేపటికి గంగులుకు వినబడిన మొదటి మాట, టిఫిను డబ్బా అతనిది.

"ఏటి బాబూ, కారుక్కూడా తూకమేయించుకోడానికొచ్చేవేటి?"

నలుగురు నవ్వారు. తరవాత లోపల ఎవరున్నారో చూసి నవ్వు ఆపేశారు. "ఓలమ్మా, మన టీచరమ్మ," అంటూ మోపులు లాగడం మొదలెట్టారు. టీచరమ్మకు దెబ్బ తగల్లేదు. తలనిండా నార. ఒక్కొక్క పోగే తీసి ఒళ్లో పెట్టుకుంటోంది, ఇంటికి తీసుకెళ్లి తాడు పేనేదానిలా.

"గేరెందుకు తీసేవు?" అని మళ్లీ అడిగింది.

"బోటాపాలంటే అలగేనండి," అన్నాడు గంగులు.

"నీళ్లు కాదు నాయనా ఇవి."

కారు ఓ దీపం వంగింది, అంతే. గంగులు మాత్రం అంతే కాదు. కోనాడ వచ్చాక రెండు రోజులు ఏ ఇంజిన్ మీదా చెయ్యి వేయలేదు. కళ్లు మూస్తే చిరుగు చొక్కా వీపు దగ్గరకొస్తోంది. మూడో రోజు చెప్పేశాడు, కారు తనకొద్దని, ఆ ఊసు ఇంట్లో ఎత్తొద్దని.

తులసికి కథంతా హరిబాబు అప్పటికే చెప్పాడు. వాడు చెప్పినదాంట్లో కారు మిల్లు గోడ దూకి, లోపల ఓ చుట్టు తిరిగి, గేటులోంచి బయటికొచ్చింది. తులసి అందులోంచి నిజం ఏరుకుంది, ఎండుచేపల్లోంచి ఇసక ఏరినట్టు.

"కొనొద్దు సరే. ఆ ముసలమ్మ కారు దీపం ఎవులు బాగుసేస్తారు? గుద్దింది నువ్వు కదా," అంది. "బ్రేకులు అలగే ఒగ్గేస్తే రేపు ఇంకొకడెక్కుతాడు. ఆడికి నార మోపులు దొరక్కపోతే?"

గంగులు నెల్లిమర్ల వెళ్లాడు. టీచరమ్మ గణపతిరావు లారీని నెల రోజులు ఆపించింది. అమ్ముతాననీ అనలేదు, అమ్మననీ అనలేదు. గంగులు అడగలేదు. నాలుగు చక్రాలూ విప్పి, బిగుసుకున్న సిలిండర్లను ఒక్కొక్కటే ఊడదీశాడు. రబ్బర్లు చెన్నై నుంచి తెప్పించాడు. కొత్త తీగ వేశాడు. ముందు తోసేసిన వీడియోలన్నీ వెనక్కి తిప్పి, మాట మాటకూ ఆపుకుంటూ చూశాడు. ఒక్కో మర రెండుసార్లు బిగించి, ఇంటికి బయల్దేరి, సగం దారిలోంచి మళ్లీ వచ్చి మూడోసారి బిగించేవాడు. వాకిట్లో యాభైసార్లు తొక్కి చూశాడు. ప్రతిసారీ ఆగింది. ప్రతిసారీ ఈసారి ఆగదనుకున్నాడు.

నాలుగో శనివారం టీచరమ్మ మళ్లీ గంజి చీర కట్టుకుని వచ్చి ఎడమ సీట్లో కూర్చుంది. టైము చూస్తే రెండుకు పది నిమిషాలు, సరిగ్గా షిఫ్టు సైరను కూసే వేళ.

గంగులు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీరు దిగండి టీచరమ్మా. ముందు నానొక్కడినీ దిగి వస్తాను. రేపు మిమ్మల్ని ఎక్కించుకుంటాను. లేకపోతే షిఫ్టు జనం పోయాకైనా ఎల్దాం."

"నీ పెళ్లాన్ని ఎక్కించుకుంటావా దీంట్లో?"

"కొంటే ఎక్కించుకుంటాను."

"జనం లేని రోడ్డు మీదే తోల్తావా?"

గంగులు వంగి ముందు చక్రం మరలు మరోసారి తడిమాడు.

"నీ కాలు మీద నీకు నమ్మకం లేకపోతే ఇప్పుడే చెప్పు. గణపతిరావుకి ఫోను చేస్తాను, పూలు కట్టుకుంటాడు. నీ మీద నాకేం కోపం లేదు." ఆవిడ మాట మామూలుగానే ఉంది. చేతిసంచి పట్టుకున్న వేళ్లు మాత్రం తెల్లబడి ఉన్నాయి. ఆవిడకూ భయమేనని గంగులుకు అప్పుడు తెలిసింది. ధైర్యం రాలేదు సరికదా, ఉన్న భయం రెండింతలైంది.

అయినా ఎక్కాడు. మొదటి గేరు వేశాడు. తీయలేదు.

బ్రేకుల్లేని రోజున ఆ దారి దిగడానికి నిమిషం పట్టలేదు. బ్రేకులున్న ఈ రోజున పావుగంట పట్టింది. పది గజాలకోసారి తొక్కడం, ఆగడం, ఆగిందా అని కిందికి తొంగిచూడడం. చర్చి మలుపు దగ్గర ఓ మేక కారును దాటిపోయి, వెనక్కి తిరిగి జాలిగా చూసింది. గంగులు చొక్కా వీపుకు అతుక్కుపోయింది. నిచ్చెనలాంటి వాలు మొదలయ్యేసరికి గేరు ఉందో లేదో మరోసారి తడిమి చూసుకున్నాడు. సైరను కూసింది. గేటు తెరుచుకుంది. జనం నిండారు. టిఫిను డబ్బా అతను ముందు వరసలోనే ఉన్నాడు. ఈసారి ఇటే తిరిగి ఉన్నాడు. పచ్చ మూతిని చూసి, పక్కవాణ్ని పట్టుకుని నార మోపుల వెనక్కి పరిగెత్తాడు.

రోడ్డు అంచుకు రెండు బారల ముందు గంగులు కాలు దిగింది. మెత్తగా దిగింది, అడుగున గట్టిగా ఆనింది. కారు నిలబడిపోయింది.

జనం కాసేపు చూశారు. తరవాత అటూ ఇటూ చీలి, కారుకు రెండు పక్కల నుంచీ సైకిళ్లు నడిపించుకుంటూ పోయారు. ఒకరిద్దరు టీచరమ్మకు దండం పెట్టారు. ఆవిడ చేతిసంచి తెరిచి, రబ్బరుబ్యాండు వేసిన ఓ పాత ఆర్‌సీ పుస్తకం తీసి గంగులు ఒళ్లో పెట్టింది.

"ఇంక కాలు తియ్యి నాయనా. ఇంటికి పోదాం. ఎండగా ఉంది."

గంగులు పుస్తకం చూశాడు. ఏసుదానం పేరు చూశాడు. కాలు తీయమని కాలికి చెప్పాడు. కాలు వినలేదు.

"తీస్తన్నాను టీచరమ్మా," అన్నాడు.

వెనకాల ఓ ట్రాక్టరు వచ్చి హారను కొట్టింది. దాని వెనక ఆటో కొట్టింది. ఆటో వెనక హరిబాబు కొట్టాడు. షిఫ్టు జనమంతా వెళ్లిపోయారు, మిల్లు గేటు మూసేశారు. తొడ దగ్గర రెండు చేతులూ వేసి కాలును పైకి ఎత్తబోతూ, గంగులు మళ్లీ అన్నాడు.

"తీస్తన్నాను. ఒక్క నిమిషం."